‘రూల్ ఒప్పుకోదు ఖాలా’



ఈసారి నా మీద నేనే ముఖద్దమా వేసుకుంటున్నాను. ముద్దాయిని నేనే, గవాహీ నేనే. ఫైసలా మాత్రం మీరు చేయండి.

పల్నాడులో ఓ చిన్న టౌన్లో బ్యాంకు కౌంటర్ నౌకరీ నాది. పదిహేడేళ్లుగా అద్దానికి అటు జనం, ఇటు నేను. ఈ పదిహేడేళ్లలో నా నోటి నుంచి అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన మాట ఏమిటంటే చెప్పుకోవడానికి షరమ్‌గా ఉంది. “రూల్ ఒప్పుకోదు.” పొద్దున పదింటికి మొదలుపెడితే అసర్ దాకా అదే తస్బీహ్. పింఛను ముసలాయనకి అదే, డ్వాక్రా అక్కకి అదే, మదర్సా హజ్రత్‌కి అదే. ఆ మాట అన్నప్పుడల్లా ఏదో ఇమాన్దారీ పని చేసినట్టు గర్దన్ నిటారుగా పెట్టుకునేవాణ్ణి కూడా.

ఒక ఖాలా వల్ల ఆ గర్దన్ వంగింది.

ఆమె షోహర్‌ది సైకిల్ పంక్చర్ దుకాణం. రోజూ సాయంత్రం పది, ఇరవై పక్కన పెట్టి, ఏళ్ల తరబడి కూడబెట్టి మా బ్రాంచిలో ఎనభై నాలుగు వేలు డిపాజిట్ చేశాడు. నామినీగా బీవీ పేరు రాయించాడు. ఆయన ఇంతెఖాల్ అయ్యాక, నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగించుకుని ఖాలా బ్యాంకుకొచ్చింది. కాగితాలన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి, దాన్ని మళ్లీ దస్తీలో మూటకట్టి తెచ్చింది. డెత్ సర్టిఫికెట్, డిపాజిట్ రసీదు, ఆధార్, రేషన్ కార్డు. అన్నీ ఉన్నాయి. ఒక్కటే చిక్కు. మా రికార్డులో ఆమె పేరు చివర ‘బీ’ అని ఉంది, ఆధార్లో ‘బేగం’ అని ఉంది. ఇంటిపేరు మా దగ్గర ‘ఎస్కే’ చుక్క, అక్కడ ‘షేక్’.

నాకు డర్ పట్టుకుంది. రేపు ఇంకో ‘బీ’ వచ్చి అసలు బీవీని నేను అంటే? డబ్బు తప్పుడు చేతికి ఇచ్చావని నా జీతంలోంచి కోస్తే? ఆ డర్‌ని డర్ అని ఒప్పుకోలేదు నేను. దానికి రూల్ అని పేరు పెట్టాను. “ఖాలా, కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తేవాలి. లేకపోతే రూల్ ఒప్పుకోదు” అన్నాను.

ఆమె వెళ్లింది. వకీల్ని పట్టుకుంది. ఫీజు కట్టింది, పేపర్లో ప్రకటన ఇచ్చింది, వాయిదాలకి తిరిగింది. మధ్యలో రెండు మూడుసార్లు నా దగ్గరికొచ్చి “అయ్యిందా బేటా?” అని అడిగింది. నేను తల ఎత్తకుండానే “కోర్టు కాగితం వస్తేనే” అన్నాను. ఒకసారి కాస్త నిలబడి, గొంతు పెంచకుండానే, “హోతాతో హోతా బోలో, నై హోతాతో నై బోలో. ఫిరావో నక్కో బేటా” అంది. లైన్లో వెనకున్నవాళ్లు విన్నారు. నాకు కోపం వచ్చింది. నా మీద నాకు కాదు, ఆమె మీద!

ఏడు నెలలు అలా గడిచాయి. ఈలోగా మా బ్రాంచికి కొత్త మేనేజరమ్మ వచ్చింది. పెండింగ్ ఫైళ్లు తిరగేస్తూ, “దీనికి నామినీ ఉందిగా, సక్సెషన్ ఎందుకడిగారు?” అంది. పేరు తేడా అన్నాను. ఆమె మాటా మాటా అనలేదు. రిజర్వ్ బ్యాంకు 2005 జూన్‌లో ఇచ్చిన సర్క్యులర్ తీసి నా ముందు పెట్టింది.

అందులో ఏముందో సాఫ్‌గా చెప్తాను, మీ అందరికీ పనికొస్తుంది. ఖాతాకి నామినీ ఉంటే, లేదా జాయింటు ఖాతాలో బతికున్నవాళ్లకి ఇవ్వాలన్న షరతు ఉంటే, సక్సెషన్ సర్టిఫికెట్ గానీ, కోర్టు కాగితం గానీ, హామీ బాండు గానీ, జామీన్ గానీ బ్యాంకు అడగకూడదు. రకం ఎంతైనా సరే. బ్యాంకు చూడాల్సింది మూడు. మనిషి చనిపోయినట్టు సబూత్ ఉందా? వచ్చింది ఆ నామినీయేనా? డబ్బు ఇవ్వొద్దని ఏ కోర్టైనా ఆపిందా? ఇవి సరిపోతే, క్లెయిమ్ అందిన పదిహేను రోజుల్లో డబ్బు చేతిలో పెట్టాలి.

అంటే రూల్ నన్ను అడిగింది ఒక్కటే: ఈమే ఆమె అని తేల్చుకో. రేషన్ కార్డులో షోహర్ పేరు పక్కన ఈమె ఫోటో ఉంది. మసీదు నికానామా రిజిస్టర్ ఉంది. వాళ్ల గల్లీలోనే మా ఖాతాదార్లు ఇరవై మంది ఉన్నారు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలే పని. ఆ మధ్యాహ్నం నేను కూర్చోలేదు కనుక ఆమె ఏడు నెలలు నిలబడింది.

మేనేజరమ్మ నాలుగు రోజుల్లో ఫైసలా చేసింది. ఆ డబ్బులోంచి పదకొండు వేల దాకా వకీల్‌కి, దారి ఖర్చులకి పోయాయని ఖాలా చెప్పింది. జుమా అయ్యాక ఇంటికెళ్లి మాఫీ అడిగాను. చాయ్ ఇచ్చింది. “తుమ్ క్యా కర్తే బేటా, రూల్ నా” అంది. తిట్టినా బాగుండేది. నేను చెప్పిన ఝూట్‌ని ఆమె ఇంకా నమ్ముతూనే ఉంది. తప్పు రూల్‌ది కాదు ఖాలా నాది అని చెప్పాను. ఆమెకి అర్థమైందో లేదో ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు నా వాదన చెప్తాను. ఆఫీసుల్లో రూల్‌కీ రహమ్‌కీ మధ్య పెద్ద లడాయి నడుస్తోందని, మాలాంటివాళ్లం మధ్యలో నలిగిపోతున్నామని మేం చెప్పుకుంటూ తిరుగుతాం. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది ఝూట్. ఆ తొమ్మిదిసార్లూ రూల్ గరీబ్ వైపే ఉంటుంది. గరీబ్‌కి ఎదురుగా నిలబడేది మా డర్, మా సుస్తీ, చదవని సర్క్యులర్. వాటికి రూల్ అనే షేర్వానీ తొడిగి కౌంటర్లో కూర్చోబెడతాం.

ఒడిశాలో జరిగింది గుర్తుందా? 2020 జూన్, నువాపడా జిల్లా. జన్‌ధన్ ఖాతాలో పడ్డ పదిహేను వందల కోసం ఒక కూతురు, నూరేళ్లని చెప్పిన తల్లిని మంచం మీదే ఉంచి రోడ్డు మీద బ్యాంకు దాకా లాక్కెళ్లింది. దేశమంతా వీడియో చూసి హాయ్ హాయ్ అంది. నా సహోద్యోగులు కొందరు “మనిషి రాకుండా ఎలా ఇస్తారు, రూల్ కదా” అన్నారు. మంచం పట్టినవాళ్ల గురించి రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో రాసిపెట్టింది. మనిషి రాలేకపోతే ఇంట్లోనే వేలిముద్ర తీసుకోవచ్చు. చెయ్యి లేవకపోతే కాలి వేలి ముద్ర. అదీ కుదరకపోతే ఒక గీత పెట్టినా చాలు. ఇద్దరు గవాహ్‌లు ఉండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి కావాలి. 2017 నవంబర్‌లో ఇంకో హుకుం కూడా వచ్చింది, డెబ్భై దాటినవాళ్లకీ, మాజూర్లకీ ఇంటి దగ్గరే సేవలు అందించాలని. ఇంత రాసిపెట్టి ఉన్నా ఆ మంచం రోడ్డెక్కింది.

మరి ఎందుకు చేస్తాం ఇలా? మా వైపు మాట కూడా చెప్పాలి, లేకపోతే అది అద్ల్ కాదు. కౌంటర్లో ఒకడుంటాడు, ముందు వంద మంది ఉంటారు. సర్వర్ నడవదు. పక్క సీటు ఖాళీ అయ్యి ఏడాదైనా మనిషి రాడు. ఏదైనా తేడా వస్తే విచారణ ఎదుర్కొనేది కింద సంతకం పెట్టినవాడే. ఇవన్నీ సచ్. కానీ ఇంకో సచ్ కూడా ఉంది. ‘అవును’ అన్న క్లర్క్‌కి మెమో వస్తుంది, ‘లేదు’ అన్న క్లర్క్‌కి ఎన్నడూ మెమో రాదు. నేను ఖాలాని ఏడు నెలలు తిప్పినందుకు నాకేమైనా అయ్యిందా? ఇంక్రిమెంట్ ఆగిందా? కుచ్ నై. నష్టం మొత్తం అద్దానికి అటువైపే పడింది. ‘లేదు’ అనడం మాకు ముఫ్త్, అందుకే అంత సులభంగా నోటికొస్తుంది.

ఈ రూల్ గాళ్లమే మార్చి నెల వస్తే ఏం చేస్తామో చూడండి. పైనుంచి ఇన్సూరెన్స్ టార్గెట్ వస్తుంది. అప్పుడు లోన్ కోసం వచ్చిన టైలర్ భాయ్‌కి పాలసీ అంటగడతాం. ఇది తీసుకుంటేనే లోన్ అని ముఖం మీద చెప్పం, కానీ చెప్పినట్టే చేస్తాం. ఏడాదికోసారి కట్టాల్సిన ప్రీమియంని ఒక్కసారే కట్టేది అన్నట్టు వినిపిస్తాం. ఫిక్సుడు డిపాజిట్ కోసం వచ్చిన రిటైర్డ్ మాస్టారు పాలసీ కాగితంతో ఇంటికెళ్తాడు. ఇలా ఒకదాన్ని ఇంకోదానికి ముడిపెట్టి అమ్మకూడదన్నది కూడా రూలే! ఆ రోజు మాత్రం ఎవరికీ రూల్ గుర్తు రాదు. ఖాలా తీసుకోవడానికొస్తే రూల్ కొండంత, మేం అంటగట్టేటప్పుడు ఆవగింజంత. తనకి కొలిపించుకునేటప్పుడు నిండుగా, ఎదుటివాడికి కొలిచేటప్పుడు తక్కువగా ఇచ్చేవాళ్ల గురించి సూరె ముతఫ్ఫిఫీన్‌లో ఉన్న హెచ్చరిక తరాజు పట్టినవాళ్లకేనని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కీబోర్డు పట్టినవాళ్లకి కూడా అని ఇప్పుడు తెలిసింది.

ఇక్కడిదాకా చదివి కొందరు ఖుష్ అయ్యుంటారు. ఆగండి, మీ వైపు కూడా వస్తున్నాను.

పదిలో తొమ్మిదిసార్లు ఝూట్ అన్నాను. మిగిలిన ఆ ఒక్కసారి సంగతి కూడా చెప్పాలి. రూల్ నిజంగానే అడ్డు నిలబడుతుంది. అప్పుడు మన బిరాదరీ ఏం చేస్తుంది? “అరె భాయ్, నువ్వు మనవాడివి కదా” అంటుంది. మనవాడు కౌంటర్లో ఉన్నాడంటే కానూన్‌కి వెనక దర్వాజా దొరికిందనుకుంటాం. నాన్న పోయి మూడు నెలలైంది, పింఛను ఇంకా పడుతోంది, ఇంకో రెండు నెలలు చూసీ చూడనట్టు ఉండు అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. అడిగినాయన అయిదు పూటల నమాజీ. అది మదద్ కాదు. దాన్ని ఏమంటారో ఆయనకీ తెలుసు.

ఒక కథ చెప్తాను. మా మొహల్లాలోనే ఒక పెద్దాయన ఫాలిజ్ కొట్టి మంచాన పడ్డాడు. కొడుకు విత్‌డ్రాయల్ ఫారం మీద వేలిముద్ర వేయించుకొచ్చాడు. నలభై వేలు. అబ్బాకి దవాఖానా ఖర్చు అన్నాడు. మనిషిని చూడకుండా ఇవ్వనన్నాను. గొడవ చేశాడు. జుమా నమాజ్ అయ్యాక మసీదు మెట్ల మీద నలుగురి ముందు “బ్యాంకు నౌకరీ దిల్‌ని పత్థర్ చేస్తుంది” అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. సోమవారం మేనేజరమ్మా, నేనూ, వాళ్ల పక్కింటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టరుగారూ కలిసి ఇంటికెళ్లాం. ఫారం చూపించి, ఎంత కావాలి చాచా అని అడిగాను. ఆయన మాట సగం సగం వస్తోంది. నలభై అనే అంకె వినగానే కళ్లు పెద్దవి చేశాడు. నాలుగు వేళ్లు చూపించాడు. నాలుగు వేలు. మందులకి. మిగతాది ఎందుకో కొడుకుని అడగమన్నట్టు అటు చూశాడు.

ఆ ఫారం చించేసి నాలుగు వేలకి కొత్తది రాశాం. ఇద్దరు గవాహ్‌ల ముందు ముద్ర వేశాడు. ఆ రోజు నేను రహమ్ పేరుతో రూల్ తప్పి ఉంటే, ఆ ముసలాయన హక్‌ని నా చేత్తోనే ఆయన కొడుక్కి ఇచ్చినవాణ్ణయ్యేవాణ్ణి. కొడుకు మజ్బూరీ ఏమిటో నాకు తెలీదు, అప్పులున్నాయేమో. కానీ ఆ పైసలు అబ్బావి.

రూల్ అమానత్‌కి కాపలా. సూరె నిసా యాభై ఎనిమిదో ఆయత్‌లో అమానత్ మాటా, అద్ల్ మాటా ఒకేచోట వస్తాయి. వాటిని విడదీసే పని మనమే చేస్తున్నాం. ఖాలా పైసలు ఖాలాకి చేర్చకపోవడం అమానత్‌లో ఖయానత్. చాచా పైసలు ఇంకొకరికి చేర్చడం కూడా ఖయానతే. అందుకే నేను ‘రూల్ వదిలేయండి, దిల్ మాట వినండి’ అనే సినిమా మాట చెప్పడం లేదు. రూల్‌ని పూర్తిగా చదవండి, ఎవరి హక్ కాపాడటానికి పెట్టారో వాళ్ల కోసం వాడండి అంటున్నాను. మీ సీటుని కాపాడుకోవడానికి వాడకండి.

ఇంకో ఎతరాజ్ వస్తుందని తెలుసు. “అసలు బ్యాంకు నౌకరీయే జాయెజ్ కాదు, సూద్ లెక్కలు రాసేవాడు ఇమాన్దారీ గురించి చెప్పడమా?” ఉలమాల మాట నాకు తెలుసు. ఆ బోఝ్ నా భుజం మీద ఉంది, జవాబు నేనే ఇచ్చుకోవాలి. దాన్ని తేలిక చేసుకోవడానికి ఇది రాయడం లేదు. కానీ ఆ సవాల్‌ని అడ్డం పెట్టుకుని ఈ సవాల్ నుంచి తప్పించుకోకండి. ఈ మాట బ్యాంకుకే కాదు. మీరు తహసీల్దార్ ఆఫీసులో ఉండొచ్చు, రేషన్ దుకాణంలో, సర్కారీ దవాఖానా చీటీల దగ్గర, కరెంటాఫీసులో ఉండొచ్చు. మదర్సా కమిటీలోనో, మసీదు కమిటీలోనో బేవాలకి జకాత్ పంచే పనిలో ఉండొచ్చు. ‘పెద్దల మీటింగ్ కావాలి, అప్పుడు చూద్దాం’ అని ఒక బేవాని మూడు జుమాలు తిప్పిన కమిటీలని నేను చూశాను. అది కూడా ‘రూల్ ఒప్పుకోదు’ అన్న మాటే, కాకపోతే కొంచెం అత్తర్ పూసి ఉంటుంది.

సరే, ఏం చేద్దాం?

అద్దానికి అటువైపున్నవాళ్లకి ముందు. ఈ ఆదివారం ఇంట్లో అందరి పాస్‌బుక్కులు తీయండి. నామినీ ఉన్నారో లేదో చూడండి. మన ఇళ్లల్లో సగం తక్లీఫ్ పేర్లతోనే. ఒకచోట ఎస్కే, ఒకచోట షేక్. ఒకచోట మహమ్మద్, ఒకచోట ఎండీ. పెళ్లికి ముందు బీ, తర్వాత బేగం. మనిషి బతికుండగా సరిచేయించుకుంటే ఒక దరఖాస్తుతో పోతుంది. పోయాక అదే పహాడ్ అవుతుంది. ఎవరైనా ‘రూల్ ఒప్పుకోదు’ అంటే అదబ్‌గానే అడగండి: “ఏ రూల్ సార్? కాస్త కాగితం మీద రాసివ్వండి.” చాలాచోట్ల రూల్ అక్కడికక్కడే మాయమవుతుంది. క్లెయిమ్ ఇచ్చినప్పుడు అందినట్టు రసీదు తీసుకోండి. రాతపూర్వకంగా షికాయత్ ఇచ్చి ముప్ఫై రోజులైనా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. దానికి పైసా ఖర్చు లేదు, వకీల్ అక్కర్లేదు. ఫోన్ నంబర్ 14448. అంటగట్టిన లైఫ్ పాలసీ ఇంటికొచ్చి చదివాక వద్దనిపిస్తే, పాలసీ కాగితం అందిన ముప్ఫై రోజుల్లోపు వాపస్ చేయొచ్చు.

ఒక మాట కడక్‌గా. నామినీ అంటే మాలిక్ కాదు. బ్యాంకు దగ్గర డబ్బు తీసుకుని వారసులందరికీ చేర్చాల్సిన అమానత్‌దార్. ఆ సర్క్యులర్లో కూడా ఆ మాటే ఉంది, వారసుల తరఫున తీసుకుంటున్నారని నామినీకి చెప్పి మరీ ఇవ్వాలని. నామినీ నేనే కదా అని అమ్మీ ఎనిమిదో వంతునీ, చెల్లెళ్ల హిస్సానీ మింగేసే పెద్ద కొడుకులు మన ఇళ్లల్లో తక్కువ లేరు. రూల్ తెలియని క్లర్క్‌ని తిట్టడం తేలిక. తెలిసీ చెల్లెలి హిస్సా ఎగ్గొట్టే అన్నని దావత్‌లో పక్కన కూర్చోబెట్టుకుంటాం.

ఇక అద్దానికి ఇటువైపున్న నా భాయీ బెహన్లకి. ‘లేదు’ అనే ముందు ఒక్క నిమిషం ఆగండి. నేను చెప్తున్నది కానూనా, నా డరా? కాగితం నా కళ్లతో చదివానా, పక్క సీటువాడు చెప్పగా విన్నానా? దీని నష్టం ఎవరి మీద పడుతుంది? ఈ మూడూ అడుక్కున్నాక కూడా లేదనాల్సి వస్తే, తప్పకుండా లేదనండి. ఎందుకు లేదో చెప్పండి. ఎలా అవుతుందో ఒక రాస్తా చూపించండి. కుదిరితే ఆ కాగితం మీరే రాసిపెట్టండి, మీ పెన్నుకేం తరుగు పోదు.

నేను ఇప్పుడు కౌంటర్ అద్దం లోపలివైపు ఆ 2005 సర్క్యులర్‌లో ముఖ్యమైన మాటలు తెలుగులో రాసి అంటించుకున్నాను. జనం చదవాలని కాదు, అది నా వైపు తిరిగి ఉంటుంది. ఖాలా ఇప్పుడు కూడా పాస్‌బుక్ ఎంట్రీకి వస్తుంది, అదే పాలిథిన్ కవరు, అదే దస్తీ. ప్రతిసారీ “టైం హై క్యా బేటా?” అనే అడుగుతుంది. ఏడు నెలలు తిప్పినవాడి టైం గురించి ఆమె ఫికర్ పడుతోంది.

హౌ ఖాలా, ఉంది. కూర్చోండి.